మన కొలుములలోని పాత దాగళ్ళు

(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



మన సభలలో సాధారణముగ విద్యార్థివసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, చందాలను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అవి యావశ్యకములే. అయినను పంచవృత్తులలో మొదటిదిగా పెద్దలు లెక్కించిన యినుపపనికి ఆధారమైన వస్తువొకటి యేటేట మన చేతులనుండి జారిపోవుచుండగా, దానిని గూర్చి యొక్కమాటయైన పలుకువారు లేకుండుట మాకు వింతగా తోచినది. ఆ వస్తువు దాగలి. కొన్ని సీమలవారు దాకలి యందురు, కొందరు దాయి యందురు. కంసాలి సోదరుల పట్టెడ దీనికి చెల్లెలు. కొలిమిలో సుత్తి మారును, పటకారు మారును, తోలుతిత్తి పోయి గాలియంత్రము వచ్చెను. దాగలి మాత్రము తాతనుండి మనుమనివరకు నొక్కటియే. ఎవరును కొనవలసిన యవసరము లేకపోయినందుననే కాబోలు, దాని వెల యింటివారికి తెలియకున్నది.

నాగటికర్రు, పార, గొడ్డలి, కొడవలి, బండిచక్రపు పట్టా - ఇవి మన కమ్మరికి సంవత్సరము పొడుగునను పనియొసంగిన కాలముండెను. ట్రాక్టరు వచ్చిన పిమ్మట కర్రు పోయెను. రబ్బరుచక్రముల బండ్లు వచ్చిన పిమ్మట పట్టా పోయెను. కొడవళ్ళు సంతలో కట్టలుగా దొరకుచున్నవి. ఇంటి యజమానుడు కాలముచేయును. కుమారులు పట్టణమున వేరుపనులలో నుందురు. పాక కూలును. ఒకనాడు పాతయినుము కొనువాడు కాటాతో వచ్చి, విరిగిన బొక్కెనకును, తుప్పుపట్టిన గడ్డపారకును, దాగలికిని ఒక్కటే ధరకట్టి బండిలో వేసికొని పోవును. అచటినుండి అది కరగించు కొలిమికి చేరును. ఇందు మోసగించినవా డెవడును లేడు. అమ్మినవానికిని తెలియదు, కొన్నవానికిని తెలియదు.

రెండవప్రక్క చూడుడు. కేంద్రప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో కమ్మరమును చేర్చి, పనిముట్లకై 15,000 రూపాయలవరకు సాయ మేర్పరచిరి. ఇట్టి సాయముతోనో స్వంతధనముతోనో క్రొత్తగా కొలిమి పెట్టుకొను యువకుడు బజారులోని పోతయినుప దిమ్మను దాగలి యని కొనుచున్నాడు. ఆకారము దాగలిదే, కాని కొట్టిన దెబ్బను మ్రింగివేయును. కొలదికాలమునకే యంచులు రాలును, మొగము గుంటలుపడును, చేయి వాచును. ఈ పని తనకు సరిపడదని వాడు నిశ్చయించుకొనును. తప్పు దిమ్మదిగాని నీది కాదని వానికి చెప్పువా డెవడు? ప్రక్క గ్రామమునుండి మేలైన దాగలి పాతయినుపకొట్టునకు పోవుచుండగా, వీడు బజారులో చెడ్డదానిని కొనుచున్నాడు. ఈ రెండు దారులను కలుపుటకు సంఘము పూనుకొనవలెనని మా మనవి. దానికి ముందు, మంచిదేదో చెడ్డదేదో మనకు తెలియవలెను గదా.

మన ప్రాంతములలో దొరకు పాతదాగళ్ళు రెండు జాతులు. మొదటిది దేశపుది. నాలుగుపలకల దిమ్మ; ఎత్తు తక్కువ; మొద్దులోనో నేలలోనో దిగవేయబడి యుండును. కమ్మరి కూర్చుండి పనిచేయును గనుక అది నేలకు దగ్గరగా నుండవలెను. చిన్నదని దీనిని తేలికచేయరాదు. పూర్వము మన కొలుములలో రాయి కరగించి తీసిన యినుపముద్ద చిన్నది. కుంపిణీ కొలువులో నుండిన బెంజమిన్ హెయిన్ అను నాయన 1795 లో నూజివీడు ప్రాంతమునందలి రమణక్కపేట యినుపకొలుములను చూచి వ్రాసిన వృత్తాంతమును, ధర్మపాల్‌గారు 1971 లో తమ గ్రంథమున మరల ప్రకటించిరి. కరవునకు పూర్వము అచట కొలుములు మిక్కిలిగా నుండెననియు, తాను చూచునాటికి పనివారు దరిద్రులై యుండిరనియు హెయిన్ వ్రాసినాడు. అట్టి చిన్నముద్దలను కాచి, ఒకదానిపై నొకటి పెట్టి, సమ్మెటలతో మోది యతికినగాని దాగలియంత దిమ్మ కాదు. ఢిల్లీలోని యినుపస్తంభము 6 టన్నులకు మించిన బరువు గలది. అదియు నిట్లు ముద్దల నతికియే చేయబడినదని లోహశాస్త్రజ్ఞుల నిర్ణయము. కావున మీ యింటి దాగలి ప్రక్కలయందు మ్రాకుపొరలవలె సన్నని గీతలు కనబడినయెడల, తుప్పు తినివేసెనని పారవేయకుడు. అవి యా యతుకుల జాడలు. చేత యినుమునకు గురుతులు. పోత యినుమునం దట్టి గీతలు పుట్టవు.

ఉత్తర తెలంగాణమునందలి కోనసముద్రపు ఉక్కును గూర్చి మీరు వినియుందురు. పారశీకవర్తకు లచటికి వచ్చి కొనిపోయిన యా యుక్కు తయారగు విధమును వాయిజీ అనునతడు వర్ణింపగా, అది 1832 లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారి పత్రికయందు ప్రకటితమయ్యెను. ఆ ప్రాంతముల చిట్టెపు దిబ్బలను, కమ్మరులు కొలుచు మమ్మాయి గుళ్ళను ఇటీవలి పరిశోధకులు తిరిగి తిరిగి లెక్కకెక్కించిరి. చిట్టె మెవ్వరికిని పనికిరానిది గనుక మిగిలినది. ఆ యుక్కును సాగగొట్టిన దాగళ్ళు పనికివచ్చునవి గనుకనే చేతులు మారి, కరగి, కంటికి కానరాకున్నవి.

రెండవది సీమదాగలి. గోదావరి ఆనకట్టపని 1847 లో మొదలైనప్పుడు ధవళేశ్వరమున కార్ఖానాలు వెలసినవి. చెన్నపట్టణపు రాయపురమునుండి 1856 లో పొగబండి కదలినది. నైజాము రైలువారి లాలాగూడ కార్ఖానా 1893 నాటిది. ఇట్టి కార్ఖానాలతోబాటు ఇంగ్లండునుండి కొమ్ముగల దాగళ్ళును మన దేశమునకు దిగినవి. పైని చదునైన మొగము, ఒక కొనను మొనదేలిన గుండ్రని కొమ్ము, నడుమ నొక మెట్టు, రెండవకొనను మడమ, ఆ మడమలో నొక చదరపు రంధ్రము, నొక గుండ్రని బెజ్జము. చదరపుదానిలో తెగగొట్టు ఉలిని నిలిపి పనిచేయుదురు. గుండ్రనిది లాడములకును పట్టాలకును చిల్లులు పొడుచునప్పుడు పోటుకడ్డి క్రిందికి దిగుటకు. మెట్టునకు ఉక్కుమొగ ముండదు. ఉలి తగిలినను ఉలిమొన చెడకుండుటకై దానిని మెత్తగా విడిచిరి. ఈ సంగతి తెలియని కొందరు మెట్టుమీది ఉలిగాట్లను చూచి దాగలి చెడిపోయినదని వెలతగ్గింతురు. కొనువారు మారుపలుకక యూరకుండుటయు మేము చూచితిమి. అది మనకు తగదు.

ఈ సీమదాగళ్ళలో పెక్కింటికి శరీరము చేత యినుము. మొగము మాత్రము రమారమి అర అంగుళము మందముగల ఉక్కుపలక. రెంటిని కాచి యతికినారు. దాగలి ప్రాణమంతయు నా పలకయందే యున్నది. కావున పరీక్ష యనగా పలక ఉన్నదా, యతుకు విడినదా, పదును నిలిచినదా యను మూడు ప్రశ్నలే.

మొదట కంటితో చూడవలెను. నూనెమడ్డిని గుడ్డతో తుడిచి, తిన్నని బద్దను మొగముపై నిలువునను అడ్డమునను పెట్టి చూచిన నడుమ ఎంత వంగినదియు తెలియును. వంపు స్వల్పమైన దోషముకాదు. వంకరకడ్డీలను తిన్నగా చేయుటకు అదియే యుపకరించునని ముసలి పనివారు చెప్పుదురు, మాకును నిజమేయని తోచినది. అంచు లొకవైపు రాలి రెండవవైపు నిలిచినను చాలును. పని చేయువానికి బెత్తెడు మంచి అంచున్న దినము గడచును. అంచులు గుండ్రనైనంతమాత్రమున కంగారుపడవలదు. బలే పదునైన అంచు కాగిన యినుమును కోయును గాని మడవదు. కాని గ్యాసుమంటతో మొగమును కోసినగాట్లున్నచో అచట పదును చచ్చినదని యెరుగవలెను. పాతయినుపకొట్లలో బరువులను ముక్కలుచేయు తొందరలో నిట్టి గాయము లగుచుండును.

తరువాత చెవి. దాగలిని మొద్దునుండి విప్పి, క్రింద రెండు కర్రముక్కలు పెట్టి, చిన్నసుత్తితో మొగము నీకొననుండి యాకొనవరకు జానెడు దూరమునకొక తాటింపు చొప్పున తట్టుచు పోవలెను. గుడిగంటవలె మ్రోగుచున్నది యొకచోట హఠాత్తుగా పగిలినకుండవలె పలికినయెడల, అచట పలక లోపల విడినదనియో, బీట కలదనియో యర్థము. అంతట అదేవిధమగు ధ్వని వచ్చిన మేలు. ఇసుకలోనో మొద్దులోనో బిగిసియున్నదానిని తట్టి, మ్రోగలేదని నిందింపరాదు. మరియు నమెరికాలోని ఫిషరు కంపెనీవారు పోత యినుప శరీరమునకు ఉక్కుమొగమును కూర్చి చేసిన దాగళ్ళు మేలైనవయ్యు మ్రోగవు; వాని ప్రక్కను గరుడపక్షి బొమ్మవంటి గురుతు కనబడును. మన ప్రాంతములలో నవి యరుదు గాని, ఒక్కటి దొరకినప్పుడు మూగదని వదలుకొనకుండుటకై చెప్పుచున్నాము.

అన్నింటికంటె నమ్మదగినది గుండు పరీక్ష. యంత్రముల బేరింగులలో దొరకు అంగుళపు ఉక్కుగుండొకటి, అంగుళముల కొలబద్ద యొకటి యున్న చాలును. మొగముపై 10 అంగుళముల ఎత్తునుండి గుండును జారవిడువవలెను, త్రోయరాదు. అది 8 అంగుళములు, అంతకుమించి ఎగిరిన దాగలి యుత్తమము. 7 ఎగిరినను జీవితమంతయు పనిచేయవచ్చును. సగమైన ఎగురనిది పోత యినుమైన గావచ్చును, లేదా అగ్నిలోపడి పదును పోగొట్టుకొన్నదైన గావచ్చును. మనవారి కొలుములు పూరిపాకలు. పాక తగులబడినప్పుడు దాగలికేమియు కాలేదని సంతోషింతురు గాని, ఎఱ్ఱగా కాగి మెల్లగా చల్లారిన యుక్కు మెత్తబడునని కమ్మరిబిడ్డకు వేరుగ చెప్పనేల? అట్టి సందేహమున్నచోట మంచి ఆకురాయిని మొగపుటంచున నొక్కమారు రాచి చూడుడు. జారిపోయిన పదునున్నది, కొరికిన లేదు. దేశపు దాగళ్ళలో ఉక్కుమొగములేనివియు కలవు. వానికి ఈ గుండుకొలత పెట్టుట అన్యాయము. కర్రులు సాగగొట్టుటకు, పారలు చరచుటకు అవి చాలునంతటివి. గుంటలు పడక చదునుగ నున్నచో గ్రహింపవచ్చును.

ఇక బరువు. ఇంగ్లండు దాగలి నడుమున మూడంకెలు చెక్కియుండును. ఇవి తయారైన సంవత్సరమని కొందరును, వెలయని కొందరును భ్రమింతురు. మొదటి యంకె హండ్రెడ్‌వెయిటు, అనగా 112 పౌనులు. రెండవది అందులో పాతికభాగము, 28 పౌనులు. మూడవది విడి పౌనులు. 1-1-14 అని యున్నచో 112, 28, 14 కూడి 154 పౌనులు. నేటి లెక్కకు దాదాపు 70 కిలోలు, మన పాతలెక్కకు ఆరు మణుగులపైచిలుకు. రెండవ యంకె మూడును మించదు, మూడవది ఇరువదియేడును మించదు. మించినచో అది వేరులెక్కయని తెలిసికొనవలెను. అమెరికావారు నేరుగ పౌనులు వేయుదురు. అక్షరములు తుప్పులో మునిగియున్నచో ముగ్గుపిండి యద్ది, చీకటిపడిన పిమ్మట దీపమును ప్రక్కవాటుగ పట్టిచూడుడు. పగలు కానరానివి రాత్రి చదువవచ్చును. డడ్లీ పట్టణపు పీటర్ రైట్, షెఫీల్డులోని మౌస్‌హోల్ అను పేర్లు పేర్వడసినవి. పీటర్ రైటువారి దాగలి పాదములపై ముందు వెనుకల చిన్న చదునుగట్టు ఉండును గనుక పేరు చెరిగినను పోల్చవచ్చును. నడుమునను అడుగునను చిన్న చదరపు గుంటలున్న భయపడవలదు. దాగలిని కాచి మలచునప్పుడు పట్టుకొనుటకై కడ్డీ దూర్చిన తావులవి, చేతపని యనుటకు సాక్ష్యములు. అయినను పేరును చూచి కొనవలదని మా యభిప్రాయము. పేరుగల చెడ్డదాగలికంటె పేరులేని మంచిదే మేలు.

దొరకిన పిమ్మట చేయు చేటొకటి కలదు. దానిని గట్టిగ చెప్పవలసియున్నది. ఒక పట్టణమున మేము ముందుగ చూచి, గుండు ఎనిమిదంగుళములు లేచునని వ్రాసికొన్న దాగలిని, కొన్న ఆసామి యంత్రశాల కొకదానికి పంపి మొగమును గీయించెను. గుంటలు పోయి అద్దమువలె నయ్యెను. అందరును మెచ్చుకొనిరి. మరల గుండు వేసిచూడగా మూడంగుళములు లేచినది. అర అంగుళపు పలకను అద్దముకొరకు గీచివేసిన మిగులునది మెత్తని యినుమే గదా! కావున తుప్పును తీగెకుంచెతో తోమి, నూనెరాచి, పని మొదలుపెట్టుడు. సుత్తియే దానిని నునుపుచేయును. అంచులలోని వాడిపెళ్ళలను మాత్రము ఆకురాయితో గుండ్రముచేయవచ్చును. వెల్డింగుతో మొగము నింపుట, ముందుగ దాగలిని సమముగ కాచి, తగిన కడ్డీతో చేయనేర్చిన చేతులకే తగును. వీథిచివరి వెల్డింగు దుకాణమునకు ఈపని నప్పగింపవలదు. దాగలి దొరకువరకు ఆగలేని యువకుడు మందమైన రైలుపట్టా ముక్కను నిట్టనిలువుగ మొద్దులో పాతి, దాని కొనమీద కొట్టుకొనవచ్చును. బరువంతయు దెబ్బక్రింద నుండుటచే, పరుండబెట్టినదానికంటె అది మేలు. అయితే రైలుసామానును వేలములోకొన్న రసీదుతో గాని ఇంట పెట్టుకొనరాదు. 1966 నాటి చట్టమున్నది.

వెదకుట ఎచట? పాతయినుపకొట్లవారితో ముందుగా మాటచేసికొని, దాగలి వచ్చిన కబురంపుడని చెప్పియుంచుట మొదటిది. మూతబడిన మిల్లుల కార్ఖానాలు, సర్కారు వేలములు రెండవది. కాని అసలు చోటు మన బంధువుల పెరళ్ళే. బావిగట్టున బట్టలుతుకు రాయిగా, తలుపునకు ఆనుగా, పశువులపాకలో గుంజకట్టుగా పడియున్నవానిని మేము చూచితిమి. ఇట్టియెడ ధర్మమొకటి పాటింపవలెను. వస్తువేదో, ఏపాటిదో ముందు వారికి చెప్పి, పిమ్మట బేరమాడవలెను. కాటాధరకే తెచ్చితిమని గొప్పలుచెప్పుకొనువారు మన సంఘములో నుండరాదు. వితంతువు చేతినుండి పాతయినుపుధరకు దాగలిని తెచ్చుటకును, పాతయినుపువాడు తెచ్చుటకును భేదమేమి?

సంఘపోషకులలో కొందరు ఇవన్నియు తెచ్చి యొక ప్రదర్శనశాలయందు పేర్చి, రంగువేసి, పేర్లుకట్టి యుంచుదమని సెలవిచ్చిరి. వారి యౌదార్యమునకు కృతజ్ఞులము. పనికిరానివానిని, మొగము విడినవానిని, చాల ప్రాచీనములైన దేశపుదిమ్మలను అట్లుంచుట యుక్తమే. బాగున్నవానిని మాత్రము ఉంచుటకు మేము సమ్మతింపజాలము. అందులకు కారణము కృష్ణాతీరమున నొక గ్రామములో వృద్ధుడొకడు మాకు చెప్పినమాట. ఆయనకు చూపు మందగించి సుత్తి విడిచి పెక్కేండ్లయినది. దాగలిని మాత్రము ప్రతి విజయదశమికిని కడిగి, పసుపుకుంకుమ లుంచి పూజించుచుండెను. మేము వెల యడిగితిమి. "వెల సంగతి తర్వాత నాయనా. నేను పోయిన మర్నాడు ఇది కాటా ఎక్కుద్ది, నాకు తెలుసు. తీసికెళ్ళండి, గాని కొట్టేవాడికే ఇయ్యండి. బొమ్మలాగా నిలబెట్టేవాళ్ళకైతే ఇక్కడే ఉండనియ్యండి" అనెను. మేము మాటయిచ్చి తెచ్చితిమి. అది యిప్పుడొక యువకుని కొలిమిలో నున్నది. తుమ్మమొద్దుపై, వాడు నిలుచుండి పిడికిలి బిగించిన వ్రేళ్ళకణుపులు తగులునంత ఎత్తున నమర్చితిమి. దాని ప్రక్కను ఎవరిదో, ఏయూరిదో వ్రాసిన రేకును మొద్దునకు కొట్టితిమి, దాగలికి గాదు.

విదేశములందున్న మన సోదరులు కొందరు, అచటి సేకరణకర్తలు పాతదాగళ్ళకు మంచివెల యిత్తురనియు, పంపుడనియు వ్రాయుచున్నారు. అమెరికాదేశమున వీనిపై అభిమానము మెండు. రిచర్డు పోస్ట్‌మన్ అను నాయన 1998 లో ఆ దేశపు దాగళ్ళపై పెద్దగ్రంథమునే ప్రకటించెను. అయినను నూరేండ్లు నిండిన చారిత్రకవస్తువులను దేశము దాటించుటను 1972 నాటి పురావస్తుచట్టము నిషేధించుచున్నది. చట్ట మట్లుండ, ఇచట యువకులకే చాలనిచో పంపుట యెట్లు? వారు వెల పంపిన, ఆ సొమ్ముతో ఇచటనే యొకదానిని కొని యొక కొలిమికి చేర్చి, దాతపేరు రేకుపై వ్రాయింతుము.

దాగళ్ళున్న యిండ్లవారు ఊరిపేరు, నడుముమీది యంకెలు, తెలిసినంతవరకు పూర్వుల పేర్లు, గుండు ఎగిరిన యంగుళములు ఒక కాగితముపై వ్రాసి సంఘకార్యాలయమునకు పంపగోరుచున్నాము. గుండులేనివారు బద్దకొలతయు తట్టినప్పటి ధ్వనియు వ్రాసిన చాలును. మేమే వచ్చి చూతుము. దాగలి కావలసిన యువకులును అట్లే తమ పేర్లీయవచ్చును. పందిటి వెలుపల వేపచెట్టుక్రింద మూడు దాగళ్ళను ఉంచితిమి. అందొకటి మంచిది, ఒకదాని పలక విడినది, ఒకటి పోతది. ఏదేదియో మేము వ్రాసిపెట్టలేదు. ఉక్కుగుండు, చిన్నసుత్తి అచటనే కలవు. భోజనానంతరము దయచేసి పరీక్షింపుడు.